ట్రాన్స్‌ఫార్మరు దగ్గర తప్పిన లెక్క

సభికులందరికీ నమస్కారం.

ఎదుగుతున్న దేశం ఇబ్బందులు అనగానే విదేశీ అప్పులు, ద్రవ్యలోటు, ఎగుమతులు అంటూ మొదలుపెడతాం. ఈ సాయంత్రం పొలం గట్టున రెండు స్తంభాల మధ్య కూర్చుని, రైతుల బోరు మోటార్లకు ఉచిత కరెంటు అందించే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మొదలుపెడదాం. మన రాజకీయం, మన ఆర్థికం రెండూ దాని కాయిల్లోనే చుట్టుకుని ఉన్నాయి.

5 హెచ్‌పీ మోటారంటే 3.73 కిలోవాట్లు. మోటారు సామర్థ్యం 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ (గుంజిన కరెంటులో పనికొచ్చే భాగం) 0.8 వేసుకుంటే ట్రాన్స్‌ఫార్మరు మీద పడే బరువు దాదాపు 5.8 కేవీఏ. అంటే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు మోయగలిగేది 17 మోటార్లు. దాని కింద 22 నడుస్తుంటే ఏమవుతుంది? రికార్డులో 5 హెచ్‌పీ అని ఉన్నచోట బోరులో 7.5 హెచ్‌పీ దిగి ఉంటే? నీళ్లు ఏటేటా కిందికి పోతుంటే రైతు పెద్ద మోటారు దించక ఏం చేస్తాడు? పైగా అన్నిటికీ ఆటో స్టార్టర్లు. కరెంటు వచ్చిన క్షణాన అన్నీ కలిసి లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు గుంజుతుంది. వోల్టేజీ కుంగిపోతుంది, కుంగిన వోల్టేజీలో మోటారు ఇంకా ఎక్కువ గుంజుతుంది, వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా పైరు ఆగదు కాబట్టి రైతే ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటు ఆపే ఏబీ స్విచ్ దించి వైరు చుడతాడు. ఆ స్విచ్‌లో ఒక్క బ్లేడు సరిగా విడివడకపోయినా ప్రాణం పోతుంది. మాటిమాటికీ పోతోందని మందపాటి తీగ వేస్తే ఫ్యూజు నిలుస్తుంది, ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మరును 48 గంటల్లో మార్చాలన్నది రూలు. చాలాచోట్ల దాన్ని దించి, చందాలేసుకుని, ట్రాక్టరు మీద మరమ్మతు షెడ్డుకు తీసుకెళ్లేది రైతులే.

ఈ నష్టంలో చాలా భాగాన్ని తప్పించే వస్తువు ఒకటుంది. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటరు. ఖరీదు మోటారు రీవైండింగ్ ఖర్చులో కొంత భాగమే. అది పెడితే పవర్ ఫ్యాక్టర్ పెరిగి ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు తగ్గుతుంది. మరి ఎందుకు పెట్టరు? ఒక్కరు పెడితే ఆ ఒక్కరికి పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, అందరూ పెడితేనే వోల్టేజీ నిలబడుతుంది. బిల్లే లేనప్పుడు బిల్లు తగ్గడమన్నదీ లేదు. ఉచిత కరెంటు ఇచ్చినప్పుడు కెపాసిటరు, ఫ్రిక్షన్‌లెస్ ఫుట్‌వాల్వు, ఐఎస్ఐ పంపుసెట్టు, సరైన పైపు ఉండాలని షరతులు పెట్టారు. వాటిలో ఎన్ని పొలానికి చేరాయో ఏ పల్లెలో అడిగినా చెబుతారు. ఇక రాత్రిళ్లు సింగిల్ ఫేజ్ ఉన్నప్పుడు ఒక ఫేజును మూడుగా మార్చే కన్వర్టర్లు పెట్టి త్రీఫేజ్ మోటారు నడిపితే ఒక ఫేజు మీదే బరువంతా పడి మిగిలిన పనీ పూర్తవుతుంది.

ఈ స్థితికి ఒక్కరోజులో రాలేదు. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఎంత వాడినా హెచ్‌పీకి ఏడాదికి 50 రూపాయలే అనే స్లాబు పెట్టింది. స్లాబు వచ్చాక మోటారు దగ్గర మీటరుతో పని లేకుండా పోయింది. 1998 సంస్కరణల చట్టంతో విద్యుత్ బోర్డు ముక్కలైంది, ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చింది, చార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న ఆ పెంపు మీద నిరసనకు దిగినవారిపై హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ రోజు తర్వాత ఏ పార్టీ కూడా వ్యవసాయ కరెంటు ధర మాట ఎత్తే సాహసం చేయలేదు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటలైంది.

ఉచితాన్ని నేను తప్పుపట్టను. కాలువ కింద రైతుకు ప్రభుత్వమే ఆనకట్ట కట్టి, కాలువ తవ్వి, దాదాపు ఊరికే నీళ్లిస్తుంది. తెలంగాణలో, రాయలసీమలో రాతినేల మీద సొంత అప్పుతో బోరు వేసి, పడకపోతే ఇంకొకటి వేసే రైతుకు కరెంటు ఇవ్వడం న్యాయమే. నా ఫిర్యాదు వేరు. ఎంత ఇచ్చామో మనకు తెలియదు.

100 యూనిట్లు కొన్న డిస్కంను, అంటే కరెంటు పంపిణీ సంస్థను, ఊహించండి. 10 తీగల్లో పోయాయి, 60కి బిల్లు వేశారు. మిగిలిన 30 ఎటు పోయాయి? ‘వ్యవసాయం’ అని రాస్తారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన పద్ధతిలో, ఎంపిక చేసిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్లు చదివి మొత్తాన్ని అంచనా వేయాలన్నది నియమం. పద్ధతి మంచిదే. ఆ శాంపిల్ మీటర్లు కాలిపోయి, రీడింగు ఆగి, పాత నెల అంకె మళ్లీ ఎక్కితే అంచనా కాస్తా కోరిక అవుతుంది. ఆ 30లో రైతు వాడింది 24 కావచ్చు, మిగతా 6 పట్టణంలో కొక్కెం వేసి లాగినదో, మీటరు తిప్పేసిన ఫ్యాక్టరీదో కావచ్చు. దొంగతనం వెళ్లి రైతు ఖాతాలో దాక్కుంటుంది. తిట్లు మాత్రం రైతుకు. మీటరు లేకపోవడం వల్ల అందరికంటే ఎక్కువ లాభపడేది రైతు కాదని ఇక్కడ గట్టిగా చెప్పాలి.

ఇక డబ్బు. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ ఇవ్వదలచిన ప్రభుత్వం ఆ సొమ్మును ముందుగానే డిస్కంకు కట్టాలి. ఆలస్యంగా, తక్కువగా కట్టడం దేశమంతా అలవాటైంది. పంచాయతీల వీధిదీపాల బకాయిలు, ఎత్తిపోతల పంపుల బకాయిలు దాని మీద అదనం. డిస్కం అప్పు తెచ్చి కరెంటు తయారుచేసే జెన్‌కోకు కడుతుంది, వడ్డీ మళ్లీ అంచనా దాటిన ఖర్చును తర్వాత రాబట్టే ట్రూఅప్ చార్జీల్లోకి చేరి ఇంటి బిల్లు మీదికి వస్తుంది. పరిశ్రమల నుంచి ఎక్కువ రేటు గుంజి లోటు పూడ్చుదామంటే, పెద్ద వినియోగదారుడు ఓపెన్ యాక్సెస్‌కో (డిస్కంను కాదని బయట కరెంటు కొనడం) సొంత సోలార్‌కో వెళ్లిపోతాడు. 2002లో, 2012లో, ఆ తర్వాత 2015లో ఉదయ్ పథకం పేరుతో, మొత్తం మూడుసార్లు బాకీలు సర్దారు. ఉదయ్‌లో 75 శాతం అప్పును రాష్ట్రాలే నెత్తినేసుకున్నాయి. అయినా 2022 ఆగస్టులో బకాయిల కారణంగా తెలంగాణ సహా 13 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల డిస్కంలను విద్యుత్ బజారైన ఎక్స్చేంజీలో కరెంటు కొనకుండా ఆపారు. అప్పు తీర్చారు గానీ అప్పు పుట్టే చోటును ముట్టుకోలేదు.

మోటార్లకు మీటర్లంటే రైతుకు భయం. ఈరోజు మీటరు, రేపు బిల్లు అన్న అనుమానం నిరాధారం కాదు. 2020లో శ్రీకాకుళంలో పైలట్‌గా మొదలైన, సబ్సిడీని రైతు ఖాతాలో వేసి బిల్లు కట్టించే నగదు బదిలీ మీటర్ల మీద వచ్చిన వ్యతిరేకత అదే. అందుకే మోటారును వదిలేసి ట్రాన్స్‌ఫార్మరుకు మీటరు పెడదామంటాను. రెండు రాష్ట్రాల్లో కలిపి 40 లక్షలకు పైగా ఉన్న కనెక్షన్ల జోలికి పోకుండానే లెక్క చేతికొస్తుంది. ముందు గుజరాత్ జ్యోతిగ్రామ్ పథకంలో చేసినట్టు వ్యవసాయ 11 కేవీ ఫీడరును, అంటే సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్లకు కరెంటు తెచ్చే లైనును, ఊరి ఫీడరు నుంచి విడదీయాలి. ఫీడరు మొదట్లో ఒక మీటరు, ప్రతి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒకటి. నెల నెలా ఫీడరు రీడింగును ట్రాన్స్‌ఫార్మర్ల మొత్తంతో పోల్చి చూస్తే, తేడా ఎంతో అది తీగల నష్టమో దొంగతనమో అవుతుంది. సబ్సిడీ ఆ రీడింగు మీదే, ముందుగానే.

చెడేది ఎక్కడో కూడా చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మరు కాలిన రోజు లైన్‌మన్ దాని మోటార్లను పక్క ట్రాన్స్‌ఫార్మరుకు తగిలిస్తాడు, పైరు బతకాలి కదా. ఆ మార్పు పట్టికకెక్కదు. ఏ మోటారు ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద, ఏ ట్రాన్స్‌ఫార్మరు ఏ ఫీడరు కింద అన్న పట్టిక తప్పితే ఎంత ఖరీదైన మీటరైనా తప్పే చెబుతుంది. సిగ్నల్ లేని పొలంలో సిమ్ వేసిన మీటరూ అంతే, చేత్తో చదివే ఏర్పాటు ఉంచాలి.

ఫీడరు విడిపోయాక సబ్‌స్టేషన్ పక్కనే సోలార్ పెట్టొచ్చు. 1 మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు చాలు, ఏడాదికి దాదాపు 15 లక్షల యూనిట్లు వస్తాయి. రాత్రి పొలం వెళ్లే బాధ తప్పి, పగలే మోటార్లు ఆడతాయి. అయితే ఎన్ని మెగావాట్లన్నది రికార్డులోని హెచ్‌పీ చూసి తేల్చకూడదు. బోరు దగ్గరకు వెళ్లి, తీగ చుట్టూ పట్టి కొలిచే క్లాంప్ మీటరుతో మూడు ఫేజుల్లో కరెంటు చూసి రాసుకోవాలి. అదనంగా ఉన్న మోటారుకు జరిమానా ఉండదని ముందే చాటింపు వేయాలి, లేదంటే ఎవరూ స్టార్టరు పెట్టె తెరవనివ్వరు. యాసంగి లోడు ఫిబ్రవరి, మార్చిలో పతాక స్థాయికి చేరుతుంది కాబట్టి ఈ సర్వే నవంబరులోనే మొదలై, నాట్లు పడేలోగా బరువెక్కిన ట్రాన్స్‌ఫార్మర్ల పక్కన రెండోది నిలబడి ఉండాలి.