ఉరి తీసిన చోట హనీమూనా? ఆక్స్‌ఫర్డ్ కోట జైలు మీద లైవ్ చర్చ

యాంకర్: నమస్కారం. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ కోటని ఆనుకుని ఉన్న పాత జైలు ఇప్పుడు హోటల్. అందులో దిగిన మన తెలుగు జంట ఒకటి రీల్ పెడితే ఉరి తీసిన చోట హనీమూనా అని కింద కామెంట్లలో తిట్లు. నేనడిగేది ఒక్కటే, మన సంగారెడ్డి పాత జైల్లో 500 కడితే ఒక రోజు ఉండనిస్తామంటే నవ్వుకున్నాం, అదే అక్కడైతే లగ్జరీనా? మాస్టారూ...

లెక్చరర్: దానికన్నా ముందు కోట సంగతి చెప్పాలండి. 1071లో రాబర్ట్ డోయిలీ అనే నార్మన్ దొర కట్టించాడు, 1142లో స్టీఫెన్ రాజు ముట్టడిస్తే ఆయనతో సింహాసనం కోసం పోరాడుతూ లోపలున్న మటిల్డా తెల్ల బట్టలు కట్టుకుని మంచులో, గడ్డకట్టిన నది దాటి తప్పించుకుంది, అందరూ ఇదే చెప్తారు...

వ్లాగర్: సూపర్ స్టోరీ కదా సార్! నేను ఆ కోటలోని సెయింట్ జార్జ్ టవర్ 101 మెట్లూ ఎక్కా...

లెక్చరర్: ఆగు నాయనా. మటిల్డా కథ చెప్తారు, పనిమనిషి కథ చెప్పరు! 1650 డిసెంబర్, ఆన్ గ్రీన్, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. యజమాని మనవడి వల్ల కడుపొచ్చి బిడ్డ నెలలు నిండకుండా చచ్చి పుడితే నువ్వే చంపావని ఆ కోట ఆవరణలోనే ఉరేశారు. ప్రాణం తొందరగా పోవాలని తెలిసినవాళ్లే కాళ్లు పట్టి కిందికి లాగారండీ. అరగంట వేలాడాక దించి పెట్టెలో పెట్టారు, శవాన్ని కోసి చూద్దామని డాక్టర్లు పెట్టె మూత తీస్తే ఇంకా ఊపిరి ఉంది...

యాంకర్: బతికిందా?

లెక్చరర్: బతికింది, క్షమాభిక్ష ఇచ్చారు, పెళ్లి చేసుకుని పిల్లల్ని కూడా కంది. ఆ పిల్ల పేరు రీల్‌లో ఉందా?

ఆక్స్‌ఫర్డ్ నివాసి (లైన్‌లో): ఒక్క మాట సార్, ఆ ఉరికీ ఈ గదులకీ...

లెక్చరర్: వస్తున్నానమ్మా. 1577లో కోర్టు జరుగుతుండగా జైలు జ్వరం అంటుకుని మూడొందల మంది దాకా పోయారు, జడ్జీలతో సహా!

యాంకర్: అది సరే మాస్టారూ, సంగారెడ్డి?

వ్లాగర్: ఆక్స్‌ఫర్డ్ జైల్లో దయ్యాలున్నాయంటారు కదా...

లెక్చరర్: దయ్యాలు కాదు, పిల్లలున్నారు! 1870లో జూలియా ఆన్ క్రంప్లింగ్, ఏడేళ్ల పిల్ల, పసిపిల్లల్ని తిప్పే బండి దొంగిలించిందని వారం రోజులు కఠిన శిక్ష.

యాంకర్: అమ్మా, మీరు.

ఆక్స్‌ఫర్డ్ నివాసి: నేను లోపలికెళ్లి చూశానండి. మధ్యలో పొడుగ్గా ఖాళీ, రెండు పక్కలా ఇనప మెట్లు, వరసగా మందపాటి తలుపులు. కొన్ని సెల్లు కలిపి ఒక గది చేశారు. కిటికీ ఎంత ఎత్తులో ఉందంటే మంచం మీద పడుకుంటే ఆకాశం ముక్క తప్ప ఏం కనపడదు, నాకైతే గుండె బరువెక్కింది. కానీ 1996లో జైలు మూసేశారు, హోటల్ రాకపోతే ఆ గోడల్ని ఎవరు చూసుకుంటారు? డబ్బు కావాలి కదా...

లెక్చరర్: డబ్బు కోసమైతే మ్యూజియం చెయ్యొచ్చు!

ఆక్స్‌ఫర్డ్ నివాసి: పక్కన కోటలో టూర్లు ఉన్నాయి సార్, మీరు చెప్పిన ఆన్ గ్రీన్ కథ నేను అక్కడే విన్నా...

లెక్చరర్: టూరుకి వెళ్లేవాళ్లు వింటారు, గదిలో పడుకునేవాడికి ఎవరు చెప్తారు? తలుపు మీద రాయమనండి, ఏ ఏడు కట్టారో, ఎవర్ని పెట్టారో!

యాంకర్: మళ్లీ నా పాయింట్, సంగారెడ్డి జైలు 1796 నాటిది. మనం చేస్తే తప్పు, వాళ్లు చేస్తే గొప్పా?

వ్లాగర్: అలా అనుకుంటే రాజమండ్రి జైలు కూడా డచ్ వాళ్ల కోటే కదండీ...

లెక్చరర్: అందులో ఇప్పటికీ ఖైదీలున్నారయ్యా, అది వేరు! సంగారెడ్డిలో కనీసం ఖైదీ బట్టలేసి ఖైదీ తిండి పెట్టారు, ఎలా ఉంటుందో తెలిసేది. ఆక్స్‌ఫర్డ్‌లో మెత్తటి పరుపేసి...

యాంకర్: అంటే సంగారెడ్డే నయం అంటున్నారు! రాసుకోండి.

ఆక్స్‌ఫర్డ్ నివాసి: అలా కాదండీ, నా మాట పూర్తి...

యాంకర్: టైమ్ లేదమ్మా. మాస్టారూ, పది సెకన్లు.

లెక్చరర్: ఆ ఏడేళ్ల పిల్ల ఏ సెల్‌లో పడుకుందో కనుక్కుని ఆ గది ఒక్కటన్నా అద్దెకివ్వకండి, అంతే, ఇంకోటి, ఆ కోట గోడల్లో...

యాంకర్: బ్రేక్ తర్వాత వాతావరణం.