గొడుగు విచ్చుకున్న రాత్రి

(జాతీయ నౌకాయాన దినం సందర్భంగా విశాఖపట్నంలో ఒక విశ్రాంత నావికుడి ప్రసంగం)

అందరికీ నమస్కారం. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ అనే భారతీయ కంపెనీ ఓడ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరిన సంగతి ముందు మాట్లాడిన పెద్దలు చెప్పేశారు. ఇక నాకు రేవుల్లోని నావికుల బార్లు మిగిలాయి. "పిల్లలు కూడా ఉంటారు, కాస్త చూసుకుని మాట్లాడండి" అని నిర్వాహకులు చెవిలో వేశారు. చూసుకునే మాట్లాడతాను.

ఇక్కడి మేఖల శిక్షణ నౌకలో తర్ఫీదయ్యి, 1974లో కలకత్తా నుంచి గోనెనార, తేయాకు వేసుకుని హాంబర్గ్ వెళ్ళాను. సూయజ్ కాలువ మూసి ఉన్న రోజులవి. ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళేసరికి నెల దాటింది. అన్ని రోజులూ అవే ముఖాలు, అదే పప్పు. రేవు చేరాక బస్తాలు స్లింగులతో, అంటే తాళ్ళ ఉట్లతో దింపాలి. వానొస్తే హాచ్, అంటే సరుకు గది మూత, మూసెయ్యాలి, తేయాకు తడవకూడదు కదా. హాంబర్గ్ వానకేమో వేళాపాళా లేదు. అలా పది రోజులు ఓడ కదల్లేదు. బార్లు బతికింది ఈ ఆలస్యం మీదే. తాగుడు వ్యసనం అంటారు గానీ, అందులో సగం ఖాళీగా ఉండడం.

ఓడ ఎల్బ నదికి అవతలి ఒడ్డున ఉండేది. ఊళ్ళోకి నది కింది సొరంగంలోంచి నడిచి వెళ్ళేవాళ్ళం. 1911లో తెరిచారు. లిఫ్టులో ఇరవై నాలుగు మీటర్లు దిగి, నాలుగు వందల చిల్లర మీటర్లు నడిస్తే సాంక్ట్ పౌలి అనే పేట. అక్కడిదే రీపర్‌బాన్ అనే బార్ల వీధి. పేరు వింటే మనవాళ్ళు కళ్ళెగరేస్తారు గానీ, దాని అర్థం తాళ్ళు పేనే బాట. ఒకప్పుడు ఓడలకు మోకులు అక్కడే పేనేవాళ్ళు. దానికి ఆనుకుని గ్రోసె ఫ్రైహైట్, అంటే పెద్ద స్వేచ్ఛ అనే వీధి. ఆ స్వేచ్ఛ కూడా మీరనుకునేది కాదు, వేరే మతాలవాళ్ళు పూజలు చేసుకునేందుకు ఇచ్చిన స్వేచ్ఛ. బార్ల మధ్య కేథలిక్ చర్చి ఇప్పటికీ ఉంది.

మా సరంగుది, అంటే మా జట్టు పెద్దది, భీమిలి. దిగే ముందు ఒకటే మాట చెప్పాడు: "ఒరే గుంటడా, డబ్బులన్నీ ఒక్క జేబులో ఎట్టకు. సగం బూటులో ఎట్టు." ఆ సగంతోనే చెల్లికి బటన్ నొక్కితే విచ్చుకునే మడత గొడుగు కొన్నాను. మిగతా సగంతో బారుకెళ్ళాం.

బారులో మా పక్కన కూర్చున్నావిడకు మేం గ్లాసు కొనిస్తే ఆవిడకు కమీషను. గ్లాసులో ఉన్నది చాలావరకు రంగునీళ్ళే. ఓడలో వాళ్ళను మోసగత్తెలనే వాళ్ళం. ఇప్పుడు నాకలా అనబుద్ధి కాదు. రాత్రి పొడుగునా పది భాషల తాగుబోతుల సొద నవ్వుతూ వినడం ఆమె డ్యూటీ. ఈ కథ ఆమె చెబితే అందులో మేమెలా ఉంటామో!

జూక్‌బాక్సులో ఒక గ్రీకు నావికుడు అదే పాట నాలుగోసారి పెట్టాడు. పక్క బల్ల మీది పోలెండువాళ్ళలో ఒకడు లేచి ప్లగ్గు పీకాడు. అంతే, కుర్చీలు లేచాయి. నేను గొడుగు గుండెకు హత్తుకుని బల్ల కిందికి దూరాను. ఎక్కడ నొక్కుకుందో గానీ, టక్కున విచ్చుకుంది! నల్లగొడుగుతో సహా బల్ల లేచింది. ఒక్క క్షణం అందరూ ఆగి చూశారు. ఆ క్షణంలో సరంగు నా కాలరు పట్టుకుని బయటికి లాగాడు. "ఏటి సూస్తన్నావు, పద!"

జరిగింది ఇంతే. విశాఖ చేరేసరికి నేను గొడుగుతో కత్తిని అడ్డుకున్నాను. పెళ్ళయ్యేనాటికి కత్తులు మూడు. నావికుల బారు కథలు మీరెన్ని విన్నా, కొంచెం ఈ లెక్కన తగ్గించుకోండి.

ఆ బార్లను పోలీసులు మూయించారనుకునేరు. కంటెయినర్ అనే ఇనప పెట్టె మూసేసింది. 1956లో అమెరికాలో ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 కంటెయినర్లు ఎక్కించడంతో మొదలైంది. తర్వాత ఓడలు పెద్దవయ్యాయి, రేవులు ఊరికి దూరంగా జరిగాయి, పది రోజుల పని ఒకటి రెండు రోజులకు దిగింది. పైగా నావికుల అంతర్జాతీయ నియమాలకు 2010లో మనీలాలో చేసిన సవరణలు రక్తంలో మద్యం 0.05 శాతం దాటకూడదన్నాయి. చాలా కంపెనీలు ఓడలో చుక్క కూడా ఉండకూడదంటున్నాయి.

మా మేనల్లుడు, ఆ గొడుగు చెల్లి కొడుకే, ఇప్పుడు కంటెయినర్ ఓడ మీద ఉన్నాడు. పోయినేడు హాంబర్గ్‌లో రాత్రి ఆగి, మర్నాడు సాయంత్రం బయల్దేరారు. దొరికిన రెండు గంటల్లో డుక్‌డాల్బెన్ అనే నావికుల క్లబ్బు వ్యాన్ ఎక్కి వెళ్ళి, వైఫై పట్టుకుని వాళ్ళమ్మకు వీడియో కాల్ చేశాడు.

"మీ మావయ్య గొడుగు కొన్న వీధేదిరా, చూపించు" అందట చెల్లి.

వాడు ఫోను కిటికీ వైపు తిప్పి క్రేన్లు చూపించాడు.