మంగళగిరి దగ్గర ఎదురుపడేవాళ్ళు

(గుంటూరులో ఒక జూనియర్ కాలేజీ తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఈ ఎండలో ఇంతమంది వస్తారనుకోలేదు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోవచ్చు. నేను తిట్టడానికి రాలేదు.

నేను డీఅడిక్షన్ కౌన్సెలర్‌ని, అంటే తాగుడు, గంజాయి లాంటి అలవాట్లు మానడానికి సాయపడేదాన్ని. చాలా ఏళ్ళు విజయవాడలో పనిచేశాను, ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాను. విజయవాడలో ఉన్నప్పుడు నా దగ్గరికి గుంటూరు వాళ్ళు తెగ వచ్చేవాళ్ళు. ఇక్కడికి మారాక చూస్తే విజయవాడ పటమట నుంచి, భవానీపురం నుంచి వస్తున్నారు. "ఇంత దూరం ఎందుకమ్మా, మీ ఊళ్ళోనే పెద్దాసుపత్రి ఉంది కదా" అని ఒకావిడను అడిగితే, "అక్కడ మా ఆడపడుచు తోడికోడలు నర్సు మేడమ్" అంది. అంటే మన గుంటూరు బ్రాడీపేట తండ్రీకొడుకులు అటు వెళ్తుంటారు, పటమట తల్లీకొడుకులు ఇటు వస్తుంటారు. మంగళగిరి దగ్గర రెండు బస్సులూ ఎదురుపడుతుంటాయి.

మీరు నవ్వారు, నేనూ నవ్వాను. కానీ బస్సు టికెట్‌కి అయ్యే ఖర్చు సంగతి కాదు నేను చెప్పేది. ఆ బస్సెక్కే లోపు ఇంట్లో ఏడాదో, రెండేళ్ళో గడిచిపోయి ఉంటాయి. 2019లో కేంద్ర ప్రభుత్వం బయటపెట్టిన సర్వే ఒకటుంది, ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు చేశారు. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స అందిందని అందులో తేలింది. మిగతా 37 మంది ఏమయ్యారు? నాకు తెలిసినంతలో చాలామంది ఇంట్లోనే ఉన్నారు, "నలుగురికీ తెలిస్తే ఎలా" అనే మాట వెనకాల.

ఆ ఏడాది రెండేళ్ళూ ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ముందు కొడతారు. తర్వాత ఫోన్ లాక్కుంటారు, హాస్టల్ మారుస్తారు, అమ్మమ్మగారి ఊరు పంపిస్తారు. కాస్త పెద్దవాడైతే పెళ్ళి చేస్తే కుదుటపడతాడంటారు. ఆ చివరి మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మీ అబ్బాయికి చికిత్స చేయాల్సింది ఎవరింటి ఆడపిల్లో ఎందుకవ్వాలి?

ఇంకొందరు మాల వేయిస్తారు. దాన్ని నేను తక్కువ చేయను. మాలలో ఉన్న 41 రోజులూ చాలామంది నిజంగానే ముట్టరు. వాడు మానగలడని, తెల్లవారుజామున లేవగలడని, తోటివాళ్ళు "స్వామీ" అని పిలుస్తుంటే నిటారుగా నడవగలడని దానివల్ల తెలుస్తుంది. కాకపోతే 42వ రోజు గురించి ఎవరూ ఆలోచించరు. మాల తీసిన సాయంత్రం వాడు ఎవరితో కూర్చోవాలి? పాత స్నేహితులు తప్ప ఎవరున్నారు? మా పని మొదలయ్యేది అక్కడే. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. రోజూ పొద్దున్నుంచే తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఫిట్స్ రావచ్చు. రెండో రోజో మూడో రోజో లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుంటారు. దాంతో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అలాంటివాళ్ళు డాక్టర్ చూస్తుండగా, మందులు వాడుతూ ఆపాలి.

మందు అన్నాను కదా, తాగేదానికీ నయం చేసేదానికీ మన భాషలో ఒకటే మాట. ఒకసారి ఒక తల్లి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి నా టేబుల్ మీద పెట్టింది. లోపల తెల్లటి పొడి, పైన పేరు లేదు, కంపెనీ లేదు. ఎవరో ఇచ్చారట, పెరుగన్నంలో కలిపి పెట్టమన్నారట. పంతొమ్మిదేళ్ళ కొడుకు ఆ రాత్రి బయట తాగొచ్చాడు. మొహం కందిపోయి, వాంతులై, గుండె దడదడలాడుతూ గడపలోనే కూలబడ్డాడు. అదృష్టం బాగుండి బతికాడు. ఆ డబ్బాలో ఏముందో నేను చెప్పలేను. డైసల్ఫిరామ్ అని నిజంగానే ఒక మందుంది. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే సరిగ్గా ఇలాగే అవుతుంది, బీపీ పడిపోయి ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే రోగికి చెప్పి, పరీక్షలు చేసి, అతను ఒప్పుకుంటేనే డాక్టర్లు ఇస్తారు. ఆ అబ్బాయి ఆ తర్వాత నాలుగు నెలలు అమ్మ చేతి అన్నం ముట్టలేదు. హోటల్లో తినొచ్చేవాడు. తాగుడు కంటే అదే ఆవిడను ఎక్కువ ఏడిపించింది.

సరే, మా దగ్గరికొస్తే ఏం చేస్తాం? ముందు తండ్రిని టీ తాగి రమ్మంటాను. నిజంగా అంతే. అబ్బాయిని అడిగిన ప్రశ్నలన్నిటికీ తండ్రే జవాబు చెప్తుంటాడు మరి. ఆయన వెళ్ళాక "ఎందుకు తాగుతున్నావు" అని అడగను, ఆ ప్రశ్న వాడికి ఇంట్లో వందసార్లు పడి ఉంటుంది. "నిద్ర పడుతోందా" అని అడుగుతాను. మొన్న ఒక కుర్రాడు ఓపీ చీటీని మడిచి మడిచి అగ్గిపెట్టంత చేశాడు, పావుగంట నోరు విప్పలేదు. ఈ ప్రశ్నకు తలెత్తి, "గంజాయి లేకపోతే పట్టదు మేడమ్" అన్నాడు. ఆ రోజుకి నాకు అది చాలు.

గంజాయి మానితే మొదటి వారం చిరాకు, కోపం, నిద్రలేమి, ఆకలి లేకపోవడం ఉంటాయి. రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఆ రోజుల్లో వాడు కసురుకుంటే "చూశావా, ఇంకా తాగుతూనే ఉన్నాడు" అనుకోకండి, మానాడు కాబట్టే అలా ఉన్నాడు. వీళ్ళలో చాలామందికి అడ్మిషన్ అక్కర్లేదు, వారానికోసారి వచ్చి మాట్లాడి వెళ్తే సరిపోతుంది. కానీ తల్లిదండ్రులు అడిగేది వేరే: "ఆరు నెలలు మీ దగ్గరే ఉంచేసుకోండి." డబ్బులు తీసుకుని అలా తాళం వేసి ఉంచే చోట్లూ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, గదులు చూపించమనండి. పద్దెనిమిది నిండని పిల్లల్ని పెద్దవాళ్ళతో కలిపి ఉంచకూడదని ఆ చట్టంలోనే ఉంది. గదులు చూపించమంటే చిరాకుపడే చోట పిల్లాణ్ణి వదలకండి.

తర్వాత అందరూ గొంతు తగ్గించి అడిగేది: "కేసవుతుందా?" గంజాయి అలవాటుందని చెప్పుకున్నవాణ్ణి డాక్టర్ పోలీసులకు పట్టివ్వడు. రోగి వివరాలు రహస్యంగా ఉంచాలని అదే 2017 చట్టం చెప్తోంది. మత్తుపదార్థాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఒకటుంది. మత్తుకు బానిసైనవాడు వాడకం కేసులోనో, చిన్న మోతాదు కేసులోనో ఇరుక్కున్నా, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాడికి ఇది వర్తించదు, వర్తించకూడదు కూడా.

ఇక్కడ లెక్చరర్లు ఉన్నారు కాబట్టి ఒక్క మాట. పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్ పీల్చే పిల్లలు రైల్వేస్టేషన్ల దగ్గరే ఉంటారనుకోకండి. పీలుస్తూ ఎవరైనా కంటబడితే అరవకండి, వెంటపడి తరమకండి. ఆ మత్తులో ఉండగా భయపడి పరిగెత్తితే గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు. కిటికీలు తెరిచి, పక్కన కూర్చోబెట్టి, మెల్లగా మాట్లాడండి.

ఫోన్ నంబర్లు రాసుకోండి. 14446, మత్తు అలవాట్ల నుంచి బయటపడటానికి కేంద్రం నడిపే టోల్‌ఫ్రీ లైను. 14416, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను, 2022లో మొదలైంది, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడతారు. పిల్లాడు చదువు టెన్షన్ అన్నా, బతకాలని లేదన్నా దీనికి చేయండి. 1972 వేరు, అది గంజాయి, మత్తుపదార్థాల మీద పనిచేసే మన రాష్ట్ర ఈగల్ పోలీసులది, అమ్మేవాళ్ళ సమాచారం ఇవ్వడానికి. కంగారులో ఒక తండ్రి దానికి ఫోన్ చేసి కొడుకును మాన్పించమన్నాడు! ఇక మన గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనూ, విజయవాడ జీజీహెచ్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ఓపీ చీటీ తీసుకోవడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

నేను ఇంకో గంట ఇక్కడే, ఆ వేపచెట్టు కింద ఉంటాను. అడగడానికి మొహమాటంగా ఉంటే "మా పక్కింటి అబ్బాయి ఒకడున్నాడండీ" అని మొదలుపెట్టండి. నా దగ్గరికొచ్చే వాళ్ళందరికీ ఆ పక్కింటి అబ్బాయే ఉంటాడు.