అంబాసిడర్‌కి ఏ ఇంజిన్ ఎక్కించాలి? బీఎంసీ, ఐసుజు, ఈకో: మూడూ చూసినాం | తిరుపతి

ముందు ఈ డిప్‌స్టిక్ చూడండన్నా. పాలెక్కువ, డికాషన్ తక్కువ పడిన కాఫీ మాదిరి ఉందా? అది ఇంజిన్ ఆయిల్. నీళ్ళు కలిసి ఇట్లా అయింది. మా నాయన 1984లో కొన్న మార్క్ 4 అంబాసిడర్ ఇది. పోయిన ఎండాకాలం మదనపల్లెకని బయల్దేరి, భాకరాపేట ఘాట్‌లో వేడెక్కి నిలబడిపోయింది. నేనేమో తొందరపడి మరిగే రేడియేటర్‌లో చల్లనీళ్ళు పోసినాను. తప్పు నాదే, ఎవరినీ అనేదానికి లేదు. హెడ్ (ఇంజిన్ పైమూత) విప్పితే బ్లాక్‌కే, అంటే సిలిండర్లుండే దిమ్మెకే, చీలిక. బండితో వచ్చిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ అది.

నమస్తే అందరికీ. కరకంబాడి రోడ్డులో మా మేస్త్రి షెడ్డు నుంచి మాట్లాడతాండా. బ్లాక్ పోయింది కాబట్టి రీబోర్ (సిలిండర్లు తొలిపించి బాగుచేసేది) అనే మాటే లేదు, వేరే ఇంజిన్ ఎక్కించాల్సిందే. మారుతి ఈకో వ్యాన్ ఉంది కదా, "ఆ ఈకో ఇంజిన్ వేసెయ్ బ్రో" అని ఫోన్లు చేసినోళ్ళు ఒక పదిమంది ఉంటారు. సరే, అన్నీ చూద్దామని రెండు నెలలు తిరిగినాను. చూసింది చూసినట్టు చెప్తా.

మొదట ఈకోతోనే మొదలుపెడదాం. 2022 దాకా వచ్చిన బండ్లలో ఇది 1196 సీసీ, 73 హార్స్‌పవర్. ఇంజిన్ పొడుగ్గా కూర్చుంటుంది, పవర్ వెనక చక్రాలకి పోతుంది, అంటే మన అంబాసిడర్ పద్ధతే. అందుకే అందరి కళ్ళూ దాని మీద. స్విఫ్ట్ లాంటి బండ్ల ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలు తిప్పుతుంది, దాని జోలికి పోకండి. ఈకోతో చిక్కు యాడుందంటే, ఇంజిన్ ఒక్కటే తెస్తే అది పలకదు. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), మొత్తం వైరింగు, సెన్సార్లు, తాళంచెవి లాక్, ట్యాంకులో పంపు, అన్నీ ఒకే బండివి కావాల. పాత ఇంజిన్లు అమ్మేవాళ్ళు సగం వైరు కత్తిరించి ఇస్తారు, తర్వాత మనం టార్చ్ పట్టుకుని ఆ వైర్ల కట్టలో వెతుక్కుంటా ఉండాల. ఇంకోటి, ఆ 73 హార్స్‌పవర్ 6000 ఆర్‌పీఎమ్ తావ వస్తుంది. ఈ బరువు బండిని ఘాట్‌లో అంత గిరగిరా తిప్పుకుంటా పోతే అంబాసిడర్ తోలినట్టే ఉండదు. ప్రీమియర్ పద్మిని ఉన్నోళ్ళు ఆలోచించండి, అది తేలిక బండి.

డీజిల్ గురించి ఒక్క ముక్క. బరువు జాస్తి, ముందు భాగం కూర్చుంటుంది, పైగా ఆర్సీలో ఇంధనం కూడా మారాల. నాకు వద్దు.

ఇంక ఐసుజు. నా మనసు పడింది దీని మీదే, దాచను. 1990ల మొదట్లో హిందూస్థాన్ మోటార్స్ వాళ్ళే అంబాసిడర్‌లో పెట్టిన 1817 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఇది. వాళ్ళదే ఇంకో కారు కాంటెస్సాలోనూ ఇదే. పాత బీఎంసీ 50 హార్స్‌పవర్ దాపుల్లో ఉంటే ఇది 75 దాకా ఇస్తుంది, తోడు అయిదు గేర్లు. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. బీఎంసీ బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 73 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ పోయే దూరం, 88.9. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, నిదానంగా లాగుతుంది. ఐసుజు బోరు 84, స్ట్రోకు 82. అందుకే హాయిగా తిరుగుతుంది. అదే ఐసుజు కంపెనీ ఇప్పుడు మన శ్రీసిటీలో పికప్‌లు తయారుచేస్తాంది, అది వేరే కథ.

చిత్తూరులో ఒక స్నేహితుడి తావ కంపెనీ నుంచే ఐసుజుతో వచ్చిన అంబాసిడర్ ఉంది. అడిగి తీసుకుని అదే భాకరాపేట ఘాట్ ఎక్కించినాను. మా బండి సెకండ్‌లో మూలిగే మలుపులో ఇది థర్డ్‌లో పోయింది. అబ్బా అనిపించింది. దిగేటప్పుడు మాత్రం బ్రేకు డ్రమ్ముల వాసన కారులోకి వచ్చింది. పవర్ పెంచితే ముందు బ్రేకులు చూసుకోవాలని మేస్త్రి ఎప్పుడూ అనే మాట అప్పుడు ఎక్కింది.

షెడ్డుకి వచ్చి లెక్క రాసినాం. మా బండికి గేరు స్టీరింగ్ తావ, ఐసుజుకి కింద. అంటే ఫ్లోర్ కోయాల. మౌంటింగులు వేరే చేయించాల. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి పవర్ మోసే కడ్డీ) పొడవు మార్చి బ్యాలెన్సింగ్ చేయించాల, చేయించకపోతే అరవై దాటితే సీటు కింద గుయ్‌మంటా ఉంటుంది. రేడియేటర్, సైలెన్సర్ పైపు, క్లచ్ లింకేజి, స్పీడోమీటర్ కేబుల్... ఇంజిన్ ధర కాగితం మీద పైన ఒక్క గీత, దాని కింద పన్నెండు గీతలు. మేస్త్రి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఒరే అబ్బోడా, ఇంత పెట్టేదానికి ఐసుజు ఉండే అంబాసిడరే ఒకటి కొనుక్కోరాదా?" అన్నాడు. ఏం చెప్పాల నేను?

కాగితాల సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. 1489 ఉన్న చోట 1817 వస్తే సీసీ మారినట్టే కదా. అందుకని ఏ ఇంజిన్‌కైనా అడ్వాన్స్ ఇచ్చేముందు ఆర్టీవో ఆఫీసుకి పోయి రాతమూలకంగా అడగండి.

కాబట్టి నేను తీసుకున్నది ఇదిగో, మళ్ళీ బీఎంసీ 1489 పెట్రోలే. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఉన్న గేర్‌బాక్స్‌కే కూర్చుంటుంది, ఒక్క బోల్టు రంధ్రం కూడా కొత్తగా వేయక్కర్లేదు. ఆర్సీలో మారేది ఇంజిన్ నంబరు ఒక్కటే, దానికి కూడా ముందే అర్జీ పెట్టినాను.

కొనేటప్పుడు ఒకటి చూపిస్తా, కెమెరా దగ్గరికి తీసుకురా. బ్లాక్ పక్కన ఈ చిన్న రేకు ఉంది చూడండి, రివెట్లతో కొట్టింది. నంబరు దీని మీదే. దీనికి ముందు పక్క రాష్ట్రంలో ఒక షాపులో ఇంకో ఇంజిన్ బేరం చేసినాను. రేకు పాతది, నల్లగా జిడ్డు పట్టి ఉంది. రివెట్లు మాత్రం తళతళ మెరుస్తాండాయి. గోరుతో గీకితే రేకు కింద పెయింటు కొత్తది. ఇంకేం మాట్లాడలేదు, ఇచ్చిన టీ కూడా తాగకుండా వచ్చేసినా. అమ్మేవాడి తావ పాత బండి ఆర్సీ, స్క్రాప్ కాగితాలు, బిల్లు, ఈ మూడూ లేకపోతే ఫ్రీగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఈ ఇంజిన్‌కి కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, చూసినాం. మూడు సిలిండర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి, నాలుగోది తక్కువ. వాల్వ్ అనుకుంటాండాడు మేస్త్రి. ఎట్లాగూ హెడ్ విప్పుతాం కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు గట్టివి వేయిస్తాం. ఇది సీసం కలిపిన పెట్రోల్ కాలం ఇంజిన్, ఆ సీసమే సీట్లు అరగకుండా కాపాడేది, ఆ పెట్రోల్ 2000లోనే ఆగిపోయింది. ఇప్పుడేమో 20 శాతం ఇథనాల్ కలిపి పోస్తాండారు, దానికి పాత రబ్బరు పైపులు మెత్తబడతాయి. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా అన్నీ మారుస్తాం.

రేపు పొద్దున క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) లేత్ షాపుకి పోతాంది. గ్రైండింగ్‌లో ఎంత దిగిందో చూసి, ఆ సైజు బేరింగులకి మద్రాసు పోవాల. మేస్త్రీ, ఆ హెడ్ బోల్టులు వరస ప్రకారం అట్టపెట్టెలో గుచ్చిపెట్టు, పోయినసారి ఒకటి కనపడక మధ్యాహ్నమంతా వెతికినాం.