సిక్కోలులో పీజీ చేద్దామా, వైజాగ్ పోదామా? ఎచ్చెర్ల క్యాంపస్ మీద మా లెక్క

నమస్తే అండీ. డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లల్లో ఒకటే గొడవ. "ఎచ్చెర్లలో చదువుకోరా, ఇంట్లో అన్నం తిని వెళ్లొచ్చు" అని అమ్మ. "అక్కడ ఏటుందమ్మా, వైజాగ్ అయితే లోకం తెలుస్తాది" అని కొడుకు. ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. ఆ సగాలు ఎక్కడున్నాయో చూద్దాం.

ముందు గబగబా నేపథ్యం. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఒకప్పుడు ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్. 2008లో సొంత విశ్వవిద్యాలయం అయింది. విజయనగరం వైపు చూస్తే 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2022లో జేఎన్‌టీయూ గురజాడ వచ్చాయి. ఇంజనీరింగ్ లెక్క పూర్తిగా వేరు, దాని జోలికి ఇవాళ పోవడం లేదు. ఎంఏ, ఎంఎస్సీ, ఎంకాం చేయాలనుకునేవాళ్ల కోసమే ఈ వీడియో.

చాలామందికి ఉన్న అపోహ ఒకటి. "మన జిల్లా యూనివర్సిటీ కాబట్టి మన జిల్లావాళ్లకే సీట్లు" అనుకుంటారు. కాదండీ. 85 శాతం లోకల్ సీట్లన్నప్పుడు ఆ లోకల్ అంటే జిల్లా కాదు, ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. పాత లెక్కలో శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఎనిమిది జిల్లాలు. ఒంగోలు పిల్లాడూ ఎచ్చెర్లలో లోకలే, ఇచ్ఛాపురం పిల్లా వైజాగ్‌లో లోకలే. అంటే వైజాగ్ సీటు మీద మీకూ సమాన హక్కుంది. ఎచ్చెర్లలో ఎలాగూ వచ్చేస్తుందిలే అని పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్‌ని తేలిగ్గా తీసుకుంటే రెండిటికీ చెడతారు. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, తప్పు జవాబుకు మార్కు కోయరు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి.

ఇక ఫీజు. ఇక్కడ క్యాంపస్‌కి ఉన్న బలం పక్క ప్రైవేటు పీజీ కాలేజీకి లేదు. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది, విశ్వవిద్యాలయ క్యాంపస్‌లకి ఉంచింది. మీరు చేరే ఏడాదికి ఆ నిబంధన ఎలా ఉందో కౌన్సెలింగ్ ముందే కనుక్కోండి. ఇంకో మాట. వెబ్ ఆప్షన్లలో ఒకే క్యాంపస్, ఒకే కోర్సు రెండు సార్లు కనిపించొచ్చు. ఒకటి రెగ్యులర్, ఇంకోటి సెల్ఫ్ ఫైనాన్స్. చదువు అదే, ఫీజులో మాత్రం చాలా తేడా. కోడ్ చూడకుండా సెల్ఫ్ ఫైనాన్స్‌ని పైన పెట్టేసి, సీటొచ్చాక తల పట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు.

ఇప్పుడు అసలు విషయం. మా దృష్టిలో ఈ ప్రశ్న అడగాల్సింది యూనివర్సిటీ గురించి కాదు, డిపార్ట్‌మెంట్ గురించి. ఒకే గేటు లోపల ఒక డిపార్ట్‌మెంట్ బ్రహ్మాండంగా ఉంటుంది, పక్క బిల్డింగులో ఇంకోటి ఈడ్చుకొస్తుంటుంది. తేడా ఎక్కడొస్తుందంటే రెగ్యులర్ అధ్యాపకుల దగ్గర. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి. 2023లో 3,220 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, అది కోర్టు కేసుల్లో పడింది. పాత విశ్వవిద్యాలయాల్లో కూడా ఖాళీలున్నాయి గానీ, అక్కడ పదిమందిలో నలుగురు పోతే ఆరుగురు మిగులుతారు. చిన్న డిపార్ట్‌మెంట్‌లో ముగ్గురిలో ఇద్దరు రిటైరైతే ఒక్కరే.

ఆ ఖాళీల్లో కాంట్రాక్ట్, గెస్ట్ ఫ్యాకల్టీతో పాఠాలు నడుస్తాయి. వాళ్లు బాగా చెప్పరని కాదు, చాలామంది ప్రాణం పెట్టి చెప్తారు. చిక్కు పీహెచ్‌డీ దగ్గరొస్తుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం గైడ్‌గా ఉండాలంటే రెగ్యులర్ అధ్యాపకులై ఉండాలి. ఒక్కో ప్రొఫెసర్ కింద ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ కింద ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ కింద నలుగురు స్కాలర్లు, అంతే. రెగ్యులర్‌గా ఉన్నది ఒక్క అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే ఆ డిపార్ట్‌మెంట్ మొత్తానికి నాలుగు పీహెచ్‌డీ సీట్లు. అవి నిండిపోయాయంటే ఒకరు థీసిస్ ఇచ్చి బయటికి వెళ్లేదాకా మీకు చోటు లేదు. పీజీ తర్వాత అక్కడే రీసెర్చ్ చేద్దామనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

దీనికి ఒక్క పూట చాలు. ఆప్షన్లు పెట్టే ముందు, క్లాసులు జరిగే రోజున క్యాంపస్‌కి వెళ్లండి. ఆదివారం కాదు, యువజనోత్సవం రోజు అసలే కాదు. డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద టైంటేబుల్ ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అందులోని పేర్లు, వెబ్‌సైట్‌లోని పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. వెబ్‌సైట్‌లో ఉండి టైంటేబుల్‌లో లేనివాళ్లు రిటైరైనా అయ్యుంటారు, ఏ పరిపాలన పదవిలోనైనా ఉంటారు. సెకండియర్ వాళ్లని పట్టుకుని రెండే రెండు అడగండి. పోయిన సెమిస్టర్ పరీక్ష ఏ నెలలో రాశారు, ఫలితం ఏ నెలలో వచ్చింది? మీ సీనియర్లలో లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్ గానీ ఏపీసెట్ గానీ ఎంతమంది కొట్టారు? మొదటిది చిన్న ప్రశ్నలా అనిపిస్తుంది గానీ, ఆఖరి సెమిస్టర్ ఫలితం రెండు నెలలు లేటైతే, అర్హత తేదీ దాటిపోయి ఉద్యోగ నోటిఫికేషన్ చేజారిపోతుంది.

సైన్స్ వాళ్లయితే ల్యాబ్ చూపించమనండి, మొహమాటపడొద్దు. పరికరాలెన్ని ఉన్నాయో లెక్కపెట్టకండి, పక్కనున్న లాగ్ బుక్ తెరవండి. వాడిన ప్రతిసారీ తేదీ, పేరు, ఎంతసేపు వాడారో అందులో రాయాలి. బయోటెక్నాలజీలో డీఎన్‌ఏకి కాపీలు తీసే పీసీఆర్ మెషిన్ లాగ్ బుక్‌లో చివరి తేదీ పోయిన వారానిది అయితే ఆ ల్యాబ్ బతికున్నట్టే. ఏడాది కిందటిదైతే, మెషిన్ ఉన్నా కెమికల్స్‌కి డబ్బు లేదనో, చెడిపోతే బాగుచేసే మనిషి రాలేదనో అర్థం. కెమిస్ట్రీలో కెమికల్స్ ఆవిర్లని బయటికి లాగే పెట్టె, ఫ్యూమ్ హుడ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయమని, అద్దం కింద సన్న కాగితం ముక్క పట్టుకోండి. లోపలికి లాగితే గాలి నడుస్తున్నట్టు. కాగితం కదలకపోతే ఆ హుడ్ అలంకారానికే, అక్కడ రెండేళ్లు పీల్చేది మీరే.

లైబ్రరీ విషయంలో మాత్రం పాత లెక్క మారింది. జర్నల్స్ పెద్ద యూనివర్సిటీల్లోనే ఉంటాయన్న మాట ఇప్పుడు అంతగా చెల్లదు. 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' మొదలైంది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన 13,000 దాకా జర్నల్స్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకి అందుబాటులోకి తెచ్చారు. క్యాంపస్ నెట్‌వర్క్‌లో నేరుగా తెరుచుకుంటాయి. ఇంటి నుంచి చదవాలంటే లాగిన్ కావాలి. చేరిన మొదటి వారంలోనే లైబ్రరీకి వెళ్లి ఆ లాగిన్ అడగండి, అడిగినవాడికే ఇస్తారు.

నెట్ పరీక్ష సంగతికొస్తే, అందులో బాగా మార్కులొచ్చినవాళ్లకి రీసెర్చ్ చేయడానికి ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కి యూనివర్సిటీ పేరుతో పనిలేదు. ఎక్కడ చదివినా మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలే. అడిగేది పీజీలో మార్కులు. జనరల్ వాళ్లకి 55 శాతం. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, నాన్ క్రీమీలేయర్ ఓబీసీలకి 50. 54.8ని 55 చేసి లెక్కవేయరు. అందుకని మొదటి సెమిస్టర్‌ని తేలిగ్గా వదిలేయకండి, ఆఖర్లో ఆ పాయింట్ రెండు కోసం ఇంప్రూవ్‌మెంట్ రాయాల్సి వస్తుంది.

ప్లేస్‌మెంట్స్ గురించి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. వాటి కోసమే పీజీ అయితే వైజాగ్ మేలు. కంపెనీలు, ఫార్మా, పార్ట్‌టైం పనులు, కోచింగ్ సెంటర్లు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఎంఎస్సీ కెమిస్ట్రీ పిల్లాడికి పరవాడ ఫార్మా సిటీ దగ్గర్లో ఉండటం చిన్న విషయం కాదు. ఎచ్చెర్ల చుట్టుపక్కల పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలున్నాయి, కాదనం, కానీ ఎంచుకునే వీలు తక్కువ.

అయితే ఒక్క దగ్గర మాత్రం మన క్యాంపస్‌దే పైచేయి, దాన్ని మనవాళ్లే పట్టించుకోరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అలాగ. ఎంఏ ఎకనామిక్స్, రూరల్ డెవలప్‌మెంట్, తెలుగు చేసేవాళ్లకి ప్రాజెక్టు అంశాలు గడప దాటితే దొరుకుతాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఒక కుటుంబం మీద వేసే ఖర్చు, పొందూరు ఖద్దరులో వడికే ఆడవాళ్ల కూలి, పలాస జీడిపప్పు బట్టీల పని, గిడుగు రామమూర్తి గారు ఏళ్ల తరబడి కూర్చుని రాసిన సవర భాష. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చినవాడు ఉద్దానంలోని కవిటిలో గది అద్దెకు తీసుకుని నెలలో చేసే సర్వే, మీరు శని ఆదివారాల్లో చేయగలరు. పైగా వాళ్ల యాస మీకు అర్థమవుద్ది, మీ యాసకి వాళ్లు తలుపు తీస్తారు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అందరూ ఇంటర్నెట్‌లో దించిన ప్రాజెక్టు చెప్తుంటే, మీ దగ్గర వంద ఇళ్ల లెక్క ఉంటుంది.

ఇక తిండీ, దారీ. "రోజూ ఇంటి నుంచి" అనే ముందు గంటలు లెక్కపెట్టండి, కిలోమీటర్లు కాదు. శ్రీకాకుళం టౌన్ నుంచి ఎచ్చెర్ల హైవే మీద పది కిలోమీటర్ల పైచిలుకు, ఇబ్బంది లేదు. పలాస నుంచి అయితే మూడు మజిలీలు. రైల్లో ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్, అక్కడి నుంచి టౌన్, టౌన్ నుంచి ఎచ్చెర్ల. రైలు అరగంట లేటైతే మొదటి క్లాసు పోయినట్టే, హాజరు 75 శాతం దగ్గర ఊగిసలాడుతుంది. అలాంటివాళ్లు హాస్టలే తీసుకోవాలి.

మెస్ బిల్లు చాలా హాస్టళ్లలో పంపకం పద్ధతిలో వేస్తారు. ఉదాహరణకి నెల ఖర్చు మొత్తం 3 లక్షలు అనుకుందాం. ఆ నెల అందరూ తిన్న రోజులన్నీ కలిపితే 4,000. రోజుకి 75 రూపాయలు పడింది. 28 రోజులున్న పిల్లకి 2,100. మీరు ఇంటికెళ్లినా రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టకపోతే తిన్నట్టే లెక్క. స్కాలర్‌షిప్ డబ్బులు నెలనెలా రావు, ఆలస్యమవుతాయి, బిల్లు మాత్రం ఆగదు. కనీసం మూడు నెలల మెస్ డబ్బు చేతిలో పెట్టుకునే చేరండి. లేకపోతే చివర్లో బాకీలేమీ లేవని ఇచ్చే నో డ్యూస్ కాగితం దగ్గర ఇరుక్కుంటారు.

ఆప్షన్ల దగ్గర ఒక జాగ్రత్త. తర్వాతి విడతలో కొత్త సీటు వచ్చిందంటే పాతది తానంతట తానే రద్దవుతుంది. చేతిలో ఉన్న సీటు కంటే మంచివాటినే రెండో విడతలో పెట్టండి, సరదాకి ఏదీ పెట్టకండి. ఆంధ్రా యూనివర్సిటీ కింద డిగ్రీ చేసి ఎచ్చెర్లకి వచ్చినా, ఇక్కడ చేసి అక్కడికి వెళ్లినా మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. సీటొచ్చాక కాదు, డిగ్రీ ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో పాటే దరఖాస్తు చేసేయండి.

మరి ఎవరు ఎటు? టౌన్ చుట్టుపక్కల ఉండి, గ్రూప్స్‌కో నెట్‌కో సొంతంగా చదువుకునే అలవాటున్నవాళ్లు, డిపార్ట్‌మెంట్‌లో కనీసం ముగ్గురు రెగ్యులర్ అధ్యాపకులు కనిపిస్తే ఎచ్చెర్లలో నిశ్చింతగా చేరొచ్చు. మిగిలిన డబ్బుతో టెస్ట్ సిరీస్ కొనుక్కోండి. ప్రయోగాల మీద నడిచే సబ్జెక్టు అయి, లాగ్ బుక్ దుమ్ము పట్టి ఉంటే మాత్రం అమ్మని ఒప్పించి వైజాగ్ వెళ్లండి. ఒప్పుకోకపోతే ఆవిడనే ఓ పూట ల్యాబ్‌కి తీసుకెళ్లి ఆ పుస్తకం చూపించండి.