వాన నీళ్ల డ్రమ్ముకి పాత ప్యూరిఫయర్ పంపు

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా, సరే. కప్పు మీద పడ్డ వాన నీళ్లు పట్టుకునే డ్రమ్ము ఉంటుంది కదా, దానికి పాడైపోయిన ఎలక్ట్రానిక్ సామాన్లలోంచి పార్టులు పీకి ఏం చేయొచ్చు అనేది ఇవాళ్టి టాపిక్. సెన్సర్లు, యాప్‌లు అని ఎదురుచూస్తున్నవాళ్లు కాస్త ఆగాలి, ముందు ఒక లెక్క ఉంది, అది చూస్తేనే ఏ పార్టు పీకాలో తెలుస్తుంది.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మీ కప్పు 50 చదరపు మీటర్లు అనుకుందాం, తడికీ చిందినదానికీ ఐదో వంతు తీసేసినా 5 మిల్లీమీటర్ల వానకే 200 లీటర్లు వచ్చేస్తాయి, అంటే మామూలు డ్రమ్ము నిండిపోయినట్టే, ఇంకా పడేదంతా పొర్లిపోవడమే. సీజన్ మొత్తానికి 800 మిల్లీమీటర్లు పడింది అనుకోండి, ఆ కప్పు మీద నుంచి 32,000 లీటర్లు దిగుతాయి. డ్రమ్ము నిండి అలాగే కూర్చుంటే మీకు దక్కేది 200. వాన వానకీ మధ్యలో ఖాళీ అవుతూ 30 సార్లు నిండితే 6,000. డ్రమ్ము అదే, పైపు అదే. అందుకే నేననేది, మన ఎలక్ట్రానిక్స్ అంతా ఆ నీళ్లని టైముకి మొక్కలకి ఖర్చుపెట్టడానికే పెట్టాలి, నిండటం సంగతి వాన చూసుకుంటుంది.

ఇప్పుడు చాలామంది ఫస్ట్ చేసే పని పాత వాషింగ్ మెషీన్ నుంచి నీళ్లు లోపలికి వదిలే వాల్వ్ పీకి డ్రమ్ము కుళాయి దగ్గర పెట్టడం. పని చేయదండి. అది కరెంటు ఒక్కదానితో తెరుచుకునే రకం కాదు, లోపల రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది, దాన్ని లేపడానికి నీళ్ల ప్రెషర్ కావాలి. మీటరు ఎత్తు నీళ్లు ఇచ్చే ప్రెషర్ 0.1 బార్, మన డ్రమ్ము ఎత్తు మీటరు కూడా ఉండదు, పైగా ఆ వాల్వ్ నేరుగా మెయిన్స్ కరెంటు మీద నడిచేది, తడి చోట దాన్ని పెట్టడం నాకసలు ఇష్టం లేదు. మొక్క మొదట్లో చుక్క చుక్కగా నీళ్లు వదిలే డ్రిప్ ఎమిటర్లదీ ఇదే గొడవ, చాలావాటికి ఒక బార్ దాకా ఉంటేనే సరిగ్గా కారతాయి.

మరి ఏం పీకాలి? మూలన పడేసిన ఆర్వో వాటర్ ప్యూరిఫయర్. నన్నడిగితే ఈ పనికి దాన్ని మించిన పాత సామాను లేదు. అందులో 24 వోల్టుల డీసీ బూస్టర్ పంపు ఉంటుంది, దానికి సరిపడా అడాప్టర్ ఉంటుంది, కరెంటు ఇస్తే తెరుచుకుని తీస్తే మూసుకునే 24 వోల్టుల సోలెనాయిడ్ వాల్వ్, నీటి మట్టాన్ని బట్టి పనిచేసే ఫ్లోట్ స్విచ్, పావంగుళం ట్యూబు, పుష్ ఫిట్టింగులు, అన్నీ ఒకదానికొకటి సరిపోయేవే. పంపు డయాఫ్రమ్ టైపు, నీళ్లని తనే పైకి లాక్కుంటుంది, డ్రిప్ లైనుకి కావాల్సిన ప్రెషర్ తేలిగ్గా ఇస్తుంది. ఫ్లో మాత్రం తక్కువ, నిమిషానికి లీటరు అటూ ఇటూ, కానీ మొక్కలకి అదే మంచిది, మట్టి తాగేంత నెమ్మదిగా వెళ్తుంది.

కనెక్షన్ చెప్తా. డ్రమ్ములో ట్యూబు చివర అడుగుకి ఓ నాలుగు వేళ్ల ఎత్తులో ఉండాలి, దానికి సన్నటి జాలీ ఫిల్టర్ తప్పనిసరి, ఎందుకంటే కప్పు మీద దుమ్ము, ఆకుల పొడి ఈ పంపు లోపలి చిన్న రబ్బరు వాల్వుల్లో ఇరుక్కుంటే మోటారు తిరుగుతుంది గానీ నీళ్లు రావు. పంపు తర్వాత సోలెనాయిడ్ వాల్వ్. పంపు ఆపితే నీళ్లు కూడా ఆగిపోతాయి కదా, వాల్వ్ ఎందుకు అంటారు, ఆగవండి, డ్రమ్ములో మట్టం మొక్కల కంటే పైన ఉంది కాబట్టి ఆగిన పంపు గుండానే సైఫన్ అయిపోయి, అంటే వాటంతటవే కిందికి జారిపోయి, పొద్దున్నకి డ్రమ్ము ఖాళీ కావచ్చు. వాల్వ్‌నీ పంపునీ ఒకే 24 వోల్టులకి ప్యారలల్‌గా కలిపేస్తే రెండూ కలిసి ఆన్, కలిసి ఆఫ్.

టైమింగ్‌కి మైక్రోకంట్రోలర్, అంటే ప్రోగ్రామ్ రాసుకునే చిప్, అక్కర్లేదు. చుట్టూ పళ్లు ఉండే పాత మెకానికల్ ప్లగ్ టైమర్ ఉంటే అడాప్టర్ దానికి గుచ్చేయండి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట అంటే రోజుకి 60 లీటర్లు, మూడు రోజుల్లో డ్రమ్ము దాదాపు ఖాళీ. వానలు బాగా పడుతున్నప్పుడు ఇంకా పెంచుకోవచ్చు.

నీళ్లు అయిపోతే పంపు ఆగాలి, దానికి ఆ ఫ్లోట్ స్విచ్. దాని లోపల ఉండేది మామూలుగా రీడ్ స్విచ్, అంటే గాజు గొట్టంలో రెండు సన్నటి రేకులు, దగ్గరికి అయస్కాంతం వస్తే అతుక్కుంటాయి, 1936లో బెల్ ల్యాబ్స్‌లో ఎల్వుడ్ అనే ఆయన కనిపెట్టింది, ఇప్పటికీ అంతకంటే సింపుల్‌ది రాలేదు. అయితే ఆ రేకులు చిన్నవి, మోటారు కరెంటు వాటి గుండా పంపితే ఓ రోజు వెల్డ్ అయి అతుక్కుపోతాయి. మధ్యలో రిలే పెట్టండి, అంటే కాయిల్‌కి చిన్న కరెంటు ఇస్తే పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్. పాత స్టెబిలైజర్లలో, యూపీఎస్‌లలో దొరుకుతాయి, కాయిల్ వోల్టేజి రిలే మీదే రాసి ఉంటుంది. 12 వోల్టులదే దొరికితే మీటరుతో కాయిల్ రెసిస్టెన్స్ కొలిచి, అంతే విలువ ఉన్న అర వాటు రెసిస్టర్ సిరీస్‌లో వేస్తే 24 మీద నడుస్తుంది. పంపుకీ, వాల్వ్‌కీ, రిలే కాయిల్‌కీ అడ్డంగా తలా ఒక 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కి, లేకపోతే ఆఫ్ అయిన ప్రతిసారీ వచ్చే వోల్టేజి దెబ్బకి కాంటాక్టులు కాలిపోతాయి. పాడైన ఎల్‌ఈడీ బల్బుల్లోనే ఈ డయోడ్లు బోలెడు.

మట్టం ఎంతుందో చూడాలి అనే సరదా ఉన్నవాళ్లకి ఒక మాట. నీళ్లలో రెండు తీగలు వేసి ట్రాన్సిస్టర్‌తో చేసే ఇండికేటర్ కుళాయి నీళ్లకి చక్కగా పని చేస్తుంది గానీ వాన నీళ్లలో లవణాలు బాగా తక్కువ, కరెంటు సరిగ్గా పారదు, పైగా డీసీ ఎప్పుడూ ఉంటే తీగలు తినేస్తుంది. దాని బదులు వాషింగ్ మెషీన్ ప్రెషర్ సెన్సర్ పీకండి. వాల్వ్ పనికిరాదన్నా గానీ ఇది మాత్రం బంగారం. దానికి ఓ గొట్టం తగిలించి నీళ్లలోకి దించితే, గొట్టంలో చిక్కుకున్న గాలి ఎంత నొక్కుకుంటే మట్టం అంత, నీళ్లలో ఎలక్ట్రానిక్స్ ఏమీ ఉండదు. పాత మోడల్ అయితే టిక్కుమని స్విచ్, కొత్తదైతే ఫ్రీక్వెన్సీ ఇస్తుంది, నీళ్లు పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. దాని రేంజ్ మెషీన్ టబ్బు లోతుకి తగ్గట్టు ఉంటుంది కాబట్టి గొట్టం డ్రమ్ము సగం దాకానే దించండి. ఇంకో సంగతి, గొట్టంలో గాలి నెమ్మదిగా నీళ్లలో కరిగిపోయి రీడింగ్ జారిపోతుంది, మట్టం గొట్టం మూతి కిందికి దిగినప్పుడల్లా గాలి మళ్లీ నిండి సరవుతుంది, అంటే డ్రమ్ము ఖాళీ అవుతూ ఉంటేనే సెన్సర్ కూడా నిజం చెప్తుంది. వైఫై కావాలంటే ఆ ఫ్రీక్వెన్సీని పాత స్మార్ట్ ప్లగ్‌లోంచి తీసిన ఈఎస్పీ8266 అనే వైఫై చిప్ మాడ్యూల్‌కి ఇవ్వండి, వాన సూచన చూసి ముందే ఖాళీ చేయించొచ్చు, బాగుంటుంది, కానీ అది లేకపోయినా వచ్చే నీళ్లు వస్తాయి.

కొన్ని విషయాల్లో నేను బేరాలాడను. అడాప్టర్, టైమర్ ఇంట్లోనే ఉండాలి, డ్రమ్ము దాకా వెళ్లేది 24 వోల్టుల తీగ మాత్రమే. ఏ పవర్ సప్లై విప్పినా పెద్ద కెపాసిటర్ మీద చెయ్యి పెట్టొద్దు, 230 వోల్టుల లైను మీద నడిచిన దానిలో 325 వోల్టుల దాకా డీసీ ప్లగ్ తీశాక కూడా నిలిచి ఉండొచ్చు. మైక్రోవేవ్ అయితే అసలు విప్పొద్దు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి 18650 లిథియం సెల్స్ తీసి ఎండలో డ్రమ్ము పక్కన పెట్టే ఐడియా కూడా వదిలేయండి. పంపు తాగే నీళ్ల మెషీన్‌ది కదా అని ఈ నీళ్లు తాగేయకండి, పక్షి రెట్టలు కడిగిన నీళ్లు అవి. డ్రమ్ము మూతికీ, పొర్లే పైపుకీ దోమ దూరని జాలీ ఉండాలి, గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు.

వానలు ఆగిపోయాక పంపు ట్యూబుని డ్రమ్ములోంచి తీసి, కొన్ని సెకన్లు ఉత్తిగా తిప్పి లోపలి నీళ్లు కక్కించి, పంపుని ఆరబెట్టి దాచండి, లేకపోతే రబ్బరు అతుక్కుపోయి మళ్లీ సీజన్‌కి తిరగదు. పంపు, రిలే, సెన్సర్ మూడూ ఈ టేబుల్ మీదే ఉన్నాయి, రండి, విప్పి చూస్తూ మాట్లాడుకుందాం.