వోల్టేజీ అతుకు దగ్గరే పోయింది

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు చదివేశారు కాబట్టి నేను మళ్లీ మొదలుపెట్టను. కరపత్రంలో 'అయస్కాంతం, విద్యుత్తు' అని వేసేసరికి, మోకాళ్ల నొప్పులకు పట్టీలు ఇస్తారని పేటంతా చెప్పుకున్నారట. ముందు వరసలో ఇద్దరు అమ్మలు మోకాళ్లు పట్టుకునే కూర్చున్నారు. క్షమించాలి తల్లీ, నా దగ్గర పట్టీలు లేవు. టీ ఉంది, తాగి వెళ్లండి.

ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవమని పిలిచారు. నేను వచ్చింది మాత్రం ముప్పయ్యేళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట ఒకటి కక్కేయడానికి.

కోబాల్ట్ ఫెర్రైట్ అని నల్లటి పదార్థం. అయస్కాంత క్షేత్రంలో పెడితే దాని పొడవు మారుతుంది. ఎంత? మీటరు కడ్డీకి మిల్లీమీటరులో ఒకటి రెండు పదోవంతులు. బేరియం టైటనేట్ ఇంకొకటి. దాన్ని నొక్కితే వోల్టేజీ పుడుతుంది. అయస్కాంతాన్ని వోల్టేజీగా మార్చే పని విడిగా రెండింటికీ చేతకాదు. ఒకదానిలో ఇంకోదాన్ని దారాలుగా పొదిగితే, ఇది కదిలి దాన్ని నొక్కుతుంది, అది వోల్టేజీ ఇస్తుంది. 1972లో హాలండ్‌లో, ఫిలిప్స్ ల్యాబ్‌లో వాన్ సుక్తెలెన్ అనే ఆయన దీన్ని గుణకారం వల్ల వచ్చే గుణం అన్నాడు. కూడిక కాదు, గుణకారం. గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఈ రెండూ కలిసే చోటును పుస్తకాల్లో సరిహద్దు అని రాస్తారు. బరంపురంలో ఆ మాట అంటే ఇచ్ఛాపురం చెక్‌పోస్టే గుర్తొస్తుంది. అందుకని నేను అతుకు అంటాను.

అతుకంటే మా పిన్ని. ఇక్కడ చాలామందివి మగ్గం ఇళ్లే, మీకు చెప్పక్కర్లేదు. మగ్గం మీద పాత అచ్చు, అంటే పడుగు పోగుల వరస, అయిపోగానే పిన్ని వచ్చి కూర్చునేది. పక్కన కొబ్బరిచిప్పలో బూడిద. వేళ్లకు అద్దుకుని పాత పోగు కొసా, కొత్త పోగు కొసా కలిపి ఒక్క మెలి. అలా వేల పోగులు. మాట్లాడితే లెక్క తప్పుతుందని మమ్మల్ని బయటికి తోలేది. ఒక్క పోగు జారితే నాన్న పట్టును తిట్టేవాడు కాదు, రంగును తిట్టేవాడు కాదు. "అతుకెవరిది?" అనేవాడు.

నేను రీసెర్చికి వెళ్లిన చోట ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఏ చోటో చెప్పను. ఈ రెండూ కలిపి కాల్చి చేసిన నా నమూనాకు వోల్టేజీ మీటరు ముల్లు కదల్లేదు. ముడి పదార్థాల పొడి బాగాలేదన్నారు. ఎనిమిది నెలలు పొడి నూరాను. ఎనిమిది నెలలండీ! ఇంటికి ఉత్తరం రాయడానికి మొహం చెల్లలేదు. చివరికి ఒక రాత్రి ముక్కను అడ్డంగా కోసి, పాలిష్ చేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. ప్రతి దారం చుట్టూ కాటుక గీసినట్టు సన్నని నల్లని గీత. కొలిమిలో దారం ఒకలా, చుట్టూ ఉన్నది ఒకలా కుదించుకుపోయి విడిపోయాయి.

ఆ గీత ఎంత సన్నగా ఉన్నా చాలు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు, నానోమీటరు అందులో వెయ్యోవంతు. పది మైక్రాన్ల దారంలో మనకు కావలసిన కదలికే ఒక నానోమీటరు. అతుకు వదులైతే అదంతా ఆ సందులోనే పోతుంది. లెక్కలు వేసేవాళ్లు అతుకు పొడవునా స్ప్రింగులు ఉన్నాయనుకుంటారు. స్ప్రింగు బిర్రుగా ఉంటే కదలిక దాటుతుంది, మెత్తబడేకొద్దీ తగ్గుతుంది, పూర్తిగా వదిలేస్తే సున్నా. ఇందాకటి గుణకారంలో అతుకు కూడా ఒక అంకె. అదొక్కటి సున్నా అయితే మిగతావి ఎంత పెద్దవైనా ఏం లాభం?

అలాగని బాగా కాల్చి అతికించేద్దామన్నా కుదరదు. వేడి మితిమీరితే రెండూ ఒకదానిలోకొకటి ఇంకి, రెండింటి గుణమూ చెడుతుంది. 1974లో ఫిలిప్స్ వాళ్లే రెండింటినీ కలిపి కరిగించి, ఒకే దిశలో గడ్డకట్టించారు. అయస్కాంత క్షేత్రాన్ని ఓర్‌స్టెడ్‌లలో కొలుస్తారు; ఒక్కో ఓర్‌స్టెడ్‌కు, ముక్క మందంలో ఒక్కో సెంటీమీటరుకు 130 మిల్లీవోల్టులు వచ్చాయి. జిగురు పెట్టలేదు, రెండూ పక్కపక్కనే పెరిగాయి.

మైక్రోస్కోపులో నేను తీసిన ఆ నల్ల గీత ఫొటో థీసిస్‌లో వద్దన్నారు. ఫెయిలైన ముక్క ఎందుకు, బాగున్నవి పెట్టు అన్నారు. తీసేశాను. చెప్పానుగా, ముప్పయ్యేళ్లు. వెనక కూర్చున్న కాలేజీ పిల్లలూ, ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. ఆ ఫొటో తెచ్చాను. మీ బెంచీ నుంచే మొదలుపెట్టి చూసి ఇవ్వండి. పకోడీలు తిన్న చేతులు తుడుచుకుని పట్టుకోండి, నా దగ్గర ఉన్నది ఒకటే కాపీ.